కోడికి టికెట్టుందా?

ఫిబ్రవరి 2022. గోదావరిఖని డిపో బస్సు కరీంనగర్‌ వెళ్తోంది. పెద్దపల్లిలో ఓ ప్రయాణికుడు ఎక్కాడు. చేతిలో గుడ్డ చుట్టిన మూట. కండక్టర్‌ మొదట పట్టించుకోలేదు. సుల్తానాబాద్‌ దగ్గరికి వచ్చేసరికి ఆ మూట కదిలింది. ఏమిటా అని చూస్తే... కోడిపుంజు!

బస్సెక్కిన ప్రతి ప్రాణికీ టికెట్టు ఉండాల్సిందేనన్నాడు కండక్టర్‌. 30 రూపాయల టికెట్టు కొట్టి చేతిలో పెట్టాడు. పక్క సీట్లోని వాళ్లు సెల్‌ఫోన్లు తీశారు. సాయంత్రానికి ఆ పుంజు రాష్ట్రమంతా తెలిసిపోయింది. అధికారులు మాత్రం నవ్వలేదు. బస్సులో పక్షుల్నీ జంతువుల్నీ ఎక్కించుకోవడమే తప్పు, టికెట్టు కొట్టడం కాదు, దించేయాల్సిందన్నారు.

రెండేళ్లు తిరిగాయి. జనవరి 2024. వరంగల్‌ నుంచి వేములవాడ వెళ్లే బస్సులో ఎవరో ఒక సంచి మరిచిపోయారు. కరీంనగర్‌లో తెరిచి చూస్తే అందులోనూ ఓ పుంజే! డిపోకు తీసుకెళ్లి గూట్లో పెట్టి గింజలు వేశారు. మరిచిపోయిన గొడుగూ టిఫిన్‌ డబ్బా అయితే ఒక మూలన పడేయొచ్చు. ఇది పొద్దున్నే లేచి కూస్తుంది, ఆకలేస్తే అరుస్తుంది. చివరికి వేలం వేస్తామని ప్రకటించారు. ఆ కబురు ఊరూరా పాకాక, పుంజు నాదేనంటూ ఒకాయన ముందుకొచ్చాడు.

రెండూ నవ్వుకోవడానికి బాగున్న కథలే. కానీ ఓ ప్రశ్న మిగిలింది. బస్సులో ఎక్కించకూడదు. ఆటోవాలా మూతి విరుస్తాడు. సొంత బండి లేదు. మరి అంగట్లో కొన్న కోడి ఇంటికెలా చేరాలి?

పక్షిని అమ్మేవాళ్ల గురించి, కొనేవాళ్ల గురించి అందరూ మాట్లాడతారు. ఆ రెండు చేతుల మధ్య పక్షి చేసే ప్రయాణమే ఎవరి లెక్కలోనూ ఉండదు. పాత కరీంనగర్‌, ఆదిలాబాద్‌ జిల్లాల్లో ఆ దారి వెంట కాసేపు నడిస్తే చాలా సంగతులే కనిపిస్తాయి.

సోమవారం అంగడి

ఆదిలాబాద్‌ జిల్లా ఇంద్రవెల్లిలో సోమవారం అంగడి. ఈ అంగడి పేరు వింటే పెద్దవాళ్లకు 1981 ఏప్రిల్‌ 20 గుర్తొస్తుంది. గోండుల మీద పోలీసు కాల్పులు జరిగిన ఆ రోజు కూడా సోమవారమే, అంగడి రోజే. అమరుల స్తూపం ఇప్పటికీ ఆ సంగతిని చెబుతూనే ఉంటుంది. అంగడి మాత్రం ఆగలేదు. వారం వారం గూడేలు కదిలి వస్తూనే ఉన్నాయి.

గోండులు, కొలాములు, పర్ధాన్లు, లంబాడాలు, మరాఠీ మాట్లాడే రైతులు... అందరికీ ఇదే బజారు. ఒకే వరుసలో నాలుగైదు భాషలు వినిపిస్తాయి. ఉప్పు, మిరపకాయలు, చీరలు, గొలుసులు, ఎండుచేపలు దాటుకుంటూ పోతే ఓ చెట్టు నీడనో గోడ వారగానో కోళ్ల వరుస కనిపిస్తుంది. దీనికి దుకాణం ఉండదు, బోర్డు ఉండదు, తక్కెడ అంతకన్నా ఉండదు. నేల మీద గంప, గంప పక్కన కాళ్లకు గుడ్డపేలిక కట్టిన రెండు పెట్టలు, ఓ పుంజు, వాటి వెనక కొంగు కప్పుకున్న ఓ ఆడమనిషి. అంతే!

అమ్మేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. పత్తి డబ్బు, జొన్నల డబ్బు మగవాడి చేతిలో పడతాయి. అందులో సగం అప్పుకే పోతుంది. కోడి డబ్బు మాత్రం ఆమెది. పిల్లవాడికి జ్వరమొస్తే ఒక పెట్ట, బడి తెరిస్తే రెండు, చుట్టాలొస్తే ఒకటి. బ్యాంకు దూరమున్న గూడెంలో ఆ పెట్టలే ఆమె ఖాతా. అందుకే కోడి చచ్చిపోయిందంటే కూర పోయిందని కాదు, ఆ నెల చేతిలో పైసలు పోయాయని అర్థం.

కొనేవాళ్లను చూస్తే ఎవరికేం కావాలో ఇట్టే తెలిసిపోతుంది. కూరకు కొనేవాడు బరువు చూస్తాడు. కోడిని అరచేతిలోకి తీసుకుని, రెండుసార్లు పైకీ కిందకీ ఆడించి, రొమ్ము ఎముక మీద వేలు పెట్టి నొక్కుతాడు. ఎముక కత్తిలా తగిలితే బేరం మానేస్తాడు. పెంచుకోవడానికి కొనే ఆమె కళ్లు చూస్తుంది, తురాయి రంగు చూస్తుంది. తోక కింది ఈకలు మురికిగా ఉంటే ముట్టుకోదు. మొక్కు ఉన్నవాడికి బరువుతో పనిలేదు, రంగు కావాలి. పోచమ్మకో మైసమ్మకో ఏ రంగు పుంజు మొక్కుకుంటే అదే కావాలి. ఆ సంగతి అమ్మే ఆమెకూ తెలుసు. అందుకే మొక్కు పుంజు ధర ఒక పట్టాన దిగదు.

"ఎంతకిస్తవు బాయీ?"

"పట్టి చూడు దాదా, పట్టి చూసినంక మాట్లాడు."

"గింత రేటా! దీనికి ఈకలు తప్ప ఏమున్నయి?"

"ఈకలు తీసినంక చెప్పు, ఇప్పుడే చెప్పకు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. బేరం ముగిసే లోపు కోడి నాలుగు చేతులు మారుతుంది. కొన్నవాడు కోడికి కట్టిన గుడ్డపేలిక కూడా అడుగుతాడు. దానికి డబ్బులుండవు. కోడి వెంట వచ్చే కట్నం అది!

పొద్దున్నే వచ్చేవాళ్లు ఇంకో రకం. వీళ్లు అంగడి దాకా కూడా రానివ్వరు. గూడెం నుంచి వచ్చే బాట మీదే నిలబడి గంపలు ఆపుతారు. ఒక్కో పెట్ట కొని, ఇరవై ముప్పై కాగానే బండికి కట్టుకుని పట్నం దారి పడతారు. అక్కడ 'నాటుకోడి' అన్న పేరుకే ధర పలుకుతుంది. గూడెంలో పలికిన ధరకూ పట్నంలో పలికే ధరకూ మధ్య ఉన్నదల్లా ఆ ప్రయాణమే. లాభం మోసుకెళ్లేవాడిది. కష్టం కోడిది.

తలకిందుల దారి

ఆ ప్రయాణం ఎలా ఉంటుందో చూడని వాళ్లు లేరు. మోటారు సైకిల్‌ హ్యాండిల్‌కు రెండు వైపులా తలకిందులుగా వేలాడే కోళ్లు. వెనక సీటుకు అడ్డంగా కట్టిన కర్ర, కర్రకు వరుసగా పది కాళ్ల జతలు. చూసీ చూసీ కళ్లకు అలవాటైపోయింది. నిజానికి కోడికి మనకున్నట్టు గుండెకూ పొట్టకూ మధ్య అడ్డుపొర ఉండదు. తలకిందులు చేస్తే లోపలి పేగులూ కాలేయమూ ఊపిరి మీద పడతాయి. అది కదలకుండా ఉంటే నెమ్మదించిందనుకుంటాం. అది నెమ్మది కాదు, భయం!

కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి ఒగర్చడమే ఒళ్లు చల్లబరచుకునే ముఖ్యమైన దారి. రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్‌ ఎండల సంగతి చెప్పనక్కర్లేదు. మే నెలలో 45 డిగ్రీలు కొత్తేమీ కాదు. ఆ ఎండలో ముప్పై కిలోమీటర్లు రోడ్డు వేడి మొహానికి కొడుతూ వచ్చిన కోడి ఇల్లు చేరేసరికి సగం చచ్చే ఉంటుంది. ఆ రాత్రి అది పోతే అమ్మినావిడను తిడతారు. 'రోగం కోడిని అంటగట్టింది' అంటారు. రోగం కాదు, దారి చంపింది.

దీనికి చట్టం లేదా అంటే ఉంది. 1978 నాటి జంతువుల రవాణా నియమాల్లో కోళ్లకూ ఓ అధ్యాయం తర్వాత చేర్చారు. కోళ్లను ఎండకూ వానకూ ఎదురుగాలికీ వదలకూడదు. బయల్దేరే ముందు మేత, నీళ్లు పెట్టాలి. ఎండాకాలమైతే ఆరు గంటలకోసారి నీళ్లు తాగించాలి. పుంజుల్నీ పెట్టల్నీ ఒకే గంపలో కుక్కకూడదు. ఆరోగ్యంగా ఉన్నాయని పశువైద్యుడు పరీక్షించి ధ్రువీకరించాలి. చదవడానికి బాగున్నాయి. ఒక్క పెట్టను అమ్ముకోవడానికి కొండ దిగి వచ్చిన అవ్వ ఏ డాక్టర్ని వెతుక్కోవాలి?

అందుకే లారీల్లో వేల కోళ్లు తోలే కంపెనీలకు రాసుకున్న నియమం గంపలోని కోడి దాకా రాదు. అసలు విచిత్రం ఏమిటంటే, మన పెద్దవాళ్ల దగ్గర దీనికి మంచి ఉపాయమే ఉండేది. వెదురు గంప, పైన మరో బుట్ట బోర్లించి తాడుతో కుట్టేయడం. గాలి ఆడుతుంది, ఎండ తగలదు, కోడి కాళ్ల మీద కూర్చునే వస్తుంది. గుడ్డ కప్పితే చీకటనుకుని ఊరుకుంటుంది. మేదరివాళ్లు అల్లిన ఆ గంపకు ఎడ్లబండిలో చోటుండేది. మోటారు సైకిల్‌ మీద లేదు. బండి మారింది, గంప పోయింది, కోడి తలకిందులైంది.

కొక్కెర వస్తే

కోడితో పాటు కనిపించని ప్రయాణికుడు ఇంకోడుంటాడు. వాడికి టికెట్టు ఎవరూ కొట్టలేరు. కొక్కెర తెగులు! డాక్టర్లు రాణీఖేత్‌ అంటారు. హిమాలయాల్లోని ఓ ఊరి పేరది. ఆకుపచ్చ రెట్ట, మెడ వంకర, రెక్కలు వేలాడేయడం... నాలుగైదు రోజుల్లో వాకిలి ఖాళీ. ఒక ఇంట్లో మొదలైతే గూడెమంతా చుట్టబెడుతుంది.

అది ఎక్కువగా అంగడి నుంచే ఇంటికి వస్తుంది. సోమవారం కొన్న పెట్టను సోమవారం సాయంత్రమే పాత కోళ్లలో వదిలేస్తారు. పైకి ఆరోగ్యంగా ఉన్న ఆ పెట్ట లోపల తెగులు దాచుకుని ఉండొచ్చు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఇంట్లో రెండు కోళ్లు తూలుతున్నాయంటే, చచ్చేలోపు నాలుగు పైసలొస్తాయని మిగతావాటిని అంగడికి తీసుకెళ్లేవాళ్లు ఉంటారు. పేదరికంలో అది మోసమని కూడా అనిపించదు. కానీ ఆ ఒక్క గంప పది ఊళ్లకు తెగులు పంచుతుంది.

మందు లేదు కానీ టీకా ఉంది. పుట్టిన మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో వేసే చుక్క, రెండు నెలల లోపు రెక్క కింద ఇచ్చే సూది. చౌకే. అయితే వంద మోతాదుల సీసా తెరిస్తే గంటల్లో వాడేయాలి. ఐదు కోళ్లున్న ఇంటికి వంద మోతాదులెందుకు? గూడెమంతా కలిసి ఒకే రోజు వేయించుకుంటే తప్ప లెక్క కుదరదు. ఇక కొన్నవాళ్లు చేయగలిగింది ఒక్కటే. కొత్త కోడిని రెండు మూడు వారాలు వేరే గంప కింద కమ్మి పెట్టడం. ఆ ఓపిక ఉన్న ఇంట్లో వాకిలి ఖాళీ కాదు.

బర్డ్‌ ఫ్లూ మాట వినిపించినప్పుడల్లా ఈ దారులన్నీ ఒక్కసారిగా అందరికీ గుర్తొస్తాయి. 2006లో మన దేశంలో మొదటిసారి అది బయటపడింది మహారాష్ట్రలోని నవాపూర్‌లో. ఆదిలాబాద్‌కు మహారాష్ట్ర పొరుగే. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లోని గోదావరి జిల్లాల్లో కోళ్లు చనిపోతే తెలంగాణ సరిహద్దుల్లో కోళ్ల లారీలను ఆపేశారు. లారీ ఆగింది సరే. హ్యాండిల్‌కు వేలాడే రెండు కోళ్లను ఆపే చెక్‌పోస్టు ఎక్కడుంది?

పోలీస్‌స్టేషన్‌లో పుంజు

అంగట్లో కొందరు పుంజును వేరే రకంగా చూస్తారు. కాలి ముల్లు ఎంత పొడవు, మెడ ఎంత నిటారు, తోక ఎటు వాలింది, ఎదుటి పుంజును చూసి వెనకడుగు వేస్తుందా, ముందుకు దూకుతుందా... వీళ్లు బేరం గట్టిగా ఆడరు. నచ్చితే అడిగినంతా ఇచ్చి, ఎవరికీ చెప్పకుండా, గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోతారు. అసీల్‌ జాతి పుంజులంటే పిచ్చి వాళ్లకు. పాత ఆంధ్రప్రదేశ్‌, పక్కనున్న బస్తర్‌ ప్రాంతాలు ఆ జాతికి పుట్టినిళ్లు. పొడవాటి కాళ్లు, బిగిసిన కండ, చిన్న తల. చూస్తే మెచ్చుకోకుండా ఉండలేం. జాతిని నిలబెట్టాలనే ముచ్చటతో పెంచేవాళ్లూ ఉన్నారు, పందెం కోసం పెంచేవాళ్లూ ఉన్నారు. కొనేటప్పుడు ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు.

2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా గొల్లపల్లి మండలం లొత్తునూరులో రహస్యంగా పందెం పెట్టారు. కాలికి కత్తి కట్టిన పుంజు చేతిలోంచి తప్పించుకోబోయింది. ఆ పెనుగులాటలో కత్తి పట్టుకున్నవాడికే దిగింది. ఆసుపత్రికి చేరేలోపే రక్తం పోయి ప్రాణం పోయింది. పుంజును గొల్లపల్లి పోలీస్‌స్టేషన్‌కు తీసుకొచ్చారు. కాలికి తాడు కట్టి, గింజలు వేసి, నీళ్లు పెట్టారు. 'పుంజు అరెస్టు' అని విదేశీ పత్రికల దాకా వార్త వెళ్లింది. అరెస్టేం కాదు, కాపాడుతున్నామని పోలీసులు చెప్పాల్సి వచ్చింది.

ప్రపంచం నవ్వుకున్న ఆ వార్తలో ఒక ఇల్లు దీపం ఆరిపోయింది. పుంజు చేసిన తప్పేమీ లేదు. పారిపోవాలనుకుంది, అంతే. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం పందేలను ఎప్పుడో నేరమంది. అయినా సంక్రాంతి ముందు గుడ్డలో చుట్టిన పుంజులు బస్సులెక్కుతూనే ఉంటాయి. సుల్తానాబాద్‌ దగ్గర కదిలిన మూటలాంటివి కదలకుండా ఎన్ని దాటిపోతున్నాయో!

కొర్రలు తినే అతిథులు

కరీంనగర్‌ చేరితే పక్షుల రంగులే మారిపోతాయి. రోడ్డు వారన సైకిల్‌కు, స్కూటర్‌కు కట్టిన పంజరాలు. పచ్చ, పసుపు, నీలం, తెలుపు. పిల్లలు 'లవ్‌ బర్డ్స్‌' అంటూ నాన్న చేయి లాగుతారు. నిజానికి అవి లవ్‌ బర్డ్స్‌ కావు, బడ్జెరిగర్లు. ఆస్ట్రేలియా పిట్టలు. అసలు లవ్‌ బర్డ్స్‌ ఆఫ్రికావి. కాస్త పెద్దవి, ముక్కు బలంగా ఉంటుంది. తల మీద కుచ్చుతో ఉండేది కాకటీల్‌. అదీ ఆస్ట్రేలియాదే. వందేళ్లకు పైగా పంజరాల్లోనే పుట్టి పెరుగుతూ వచ్చిన రకాలివి. వీటిని అమ్మడం, కొనడం నేరం కాదు.

వీటి మేత ఏమిటో తెలుసా? కొర్రలు! తెలంగాణ పల్లెల్లో ఒకప్పుడు మనుషులు వండుకున్న కొర్రలు మధ్యలో కొన్నేళ్లు ఈ పిట్టల దుకాణాల్లోనే ఎక్కువగా కనిపించేవి. ఇప్పుడు డాక్టర్లు మళ్లీ మనుషుల చేత తినిపిస్తున్నారు, అది వేరే కథ.

ముచ్చటగా పెంచేవాళ్ల లోకం వేరు. మేడ మీద గూళ్లు కట్టి, గూట్లో మట్టి కుండలు వేలాడదీసి, పిల్లలు తీయించి, ఒకరికొకరు మార్చుకుంటారు. జత కొనేటప్పుడు ముక్కు మీది మెత్తటి భాగం చూస్తారు. నీలంగా ఉంటే మగ, గోధుమ రంగులో ఉంటే ఆడ. నుదుటి మీద చారలు ముక్కు దాకా ఉంటే పిల్ల, చెరిగిపోతే పెద్దది. ఈకలు పొంగించుకుని మూలకు ముడుచుకున్నదాన్ని తక్కువకు ఇస్తానన్నా తీసుకోరు.

పెద్ద సరుకు మాత్రం హైదరాబాద్‌ వైపు నుంచే. చార్మినార్‌ దగ్గర మహబూబ్‌ చౌక్‌ను ముర్గీ చౌక్‌ అనడంలోనే ఉంది దాని చరిత్రంతా. అక్కడి నుంచి కరీంనగర్‌కు రాజీవ్‌ రహదారి మీద 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్‌కు 300. అనుభవమున్నవాడు రాత్రి చల్లదనంలో బయల్దేరతాడు. అట్టపెట్టెకు నాలుగు వైపులా చిల్లులు పెట్టి, అడుగున కాగితం పరిచి, గిన్నెలో నీళ్లకు బదులు దోసకాయ ముక్క పెడతాడు. గిన్నె ఒలికిపోతుంది, దోసకాయ ఒలకదు. అనుభవం లేనివాడు పంజరాన్ని కారు వెనక అద్దం దగ్గర పెట్టి, దారిలో టిఫిన్‌కు ఆగుతాడు. తిరిగి వచ్చేసరికి పిల్లవాడి ఏడుపు మొదలవుతుంది.

అసలు చిక్కు ఇంకొకటి. ఆ రంగుల పంజరాల వెనక ఒక్కోసారి గుడ్డ కప్పిన మరో పంజరం ఉంటుంది. అందులో రామచిలుకలు, జీనువాయిలు, గోరింకలు. ఇవి మన అడవివి, మన పొలాలవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని పట్టడం, అమ్మడం, పంజరంలో పెట్టుకోవడం నేరమే. మూడేళ్ల దాకా జైలు. 2023 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన సవరణతో జరిమానా లక్ష రూపాయల దాకా పెరిగింది. జీనువాయిలకు ఆకుపచ్చ, ఎరుపు రంగులద్ది విదేశీ పిట్టలని అమ్మేవాళ్లూ ఉంటారు. రెండు స్నానాలకు రంగు పోతుంది, ఆలోపే చాలావాటికి ప్రాణం పోతుంది. పుణ్యమొస్తుందని కొని ఎగరేసేవాళ్లున్నారు. ఎగరేసినది మళ్లీ వలలో పడుతుంది, మళ్లీ అమ్ముడవుతుంది. పుణ్యానికి కూడా రెండోసారి రేటు!

చిలుక జోస్యం చెప్పే పంజరంలోని చిలుకకూ ఇదే చట్టం. ఎవరి భవిష్యత్తు ఎలా ఉందో చీటీ తీసి చెప్పే ఆ పిట్టకు తన సంగతి తెలిసినట్టు లేదు.

విదేశీ పిట్టలకు కూడా ఇప్పుడు కాగితాలొచ్చాయి. ఆఫ్రికన్‌ గ్రే, మకావ్‌, కాకటూ లాంటివి పెంచేవాళ్లు 2024లో వచ్చిన నియమాల ప్రకారం కేంద్రం పెట్టిన పరివేష్‌ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. పిల్లలు పుట్టినా, చనిపోయినా, చేతులు మారినా చెప్పాలి. బడ్జెరిగర్‌, కాకటీల్‌ మాత్రం అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం జాబితాలోనే లేవు కనుక ఆ బాధ వాటికి లేదు. అమ్మే దుకాణానికి రిజిస్ట్రేషన్‌ ఉండాలని 2018 నియమాలు చెబుతున్నాయి. రోడ్డు పక్క స్కూటర్‌ను ఆ లెక్కలో ఎక్కడ రాయాలో?

దసరా పూట పది రూపాయల దర్శనం

ఈ రెండు పాత జిల్లాల్లో పక్షిని కొనకుండా, తినకుండా, కేవలం చూడటానికి ఊరంతా కదిలే రోజు ఒకటుంది. దసరా! జమ్మి చెట్టుకు మొక్కి, పొలిమేర దాటి, పాలపిట్ట కోసం కళ్లు చెట్ల మీదా కరెంటు తీగల మీదా పెట్టి నడుస్తారు. కనిపిస్తే ఆ ఏడాదంతా మంచే. రెక్క విప్పినప్పుడు మెరిసే ఆ నీలం చూసినవాడి మొహం కూడా వెలుగుతుంది.

పట్నాలు పెరిగి పొలిమేర దూరమైంది. పాలపిట్ట కోసం నడిచే తీరిక లేదు. అందుకే పాలపిట్టే వీధిలోకి వచ్చింది, పంజరంలో! ఉచ్చులతో, జిగురుతో పట్టి, ఎగరకుండా రెక్కలు కట్టి, వీధివీధీ తిప్పుతారు. చూస్తే పది రూపాయలు, ఇరవై రూపాయలు. మొక్కినవాడు మొక్కి వెళ్తాడు. పండుగ మర్నాడు ఆ పిట్ట ఎవరికీ అక్కర్లేదు. కాళ్లు తిమ్మిరెక్కి, ఈకలు విరిగి, వదిలినా ఎగరలేదు.

ఇది తెలంగాణ రాష్ట్ర పక్షి. ఉమ్మడి రాష్ట్రానికీ ఇదే ఉండేది. ఆంధ్రప్రదేశ్‌ 2018లో రామచిలుకను ఎంచుకుంది. ఒక రాష్ట్ర పక్షి దసరా పంజరంలో, ఇంకో రాష్ట్ర పక్షి జోస్యం పంజరంలో!

అందరూ అలా లేరు. అటవీ శాఖ కాగజ్‌నగర్‌ అడవుల్లో పక్షుల్ని చూసే నడకలు ఏర్పాటు చేస్తే ఎక్కడెక్కడి నుంచో కెమెరాలు, బైనాక్యులర్లు పట్టుకుని వచ్చారు. బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు కట్టుకున్నాయని తెలిసినప్పటి నుంచి ఆ పేరు దేశమంతా తెలిసింది. పట్టకుండా చూడటానికి డబ్బు ఖర్చు పెట్టుకుని వచ్చేవాళ్లున్నారంటే, దసరా పూట పది రూపాయలిచ్చేవాడు కూడా ఓ రోజు పొలిమేర దాకా నడవకపోడు.

సాయంత్రం బస్సు

ఇంద్రవెల్లిలో పొద్దు వాలుతుంది. చెట్టు కింద ఈకలు మిగులుతాయి. అమ్ముడుపోయిన కోళ్లు మోటారు సైకిళ్ల మీద తలకిందులుగా ఊగుతూ పోతాయి. అమ్ముడుపోని పెట్టను ఒడిలో పెట్టుకుని ఆమె బస్సు కోసం నిలబడుతుంది.

2023 డిసెంబర్‌ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ బస్సులో ప్రయాణం ఉచితం. ఆధార్‌ కార్డు చూపిస్తే కండక్టర్‌ జీరో టికెట్టు కొడతాడు. ఆమెకు ఇప్పుడు చార్జీ గొడవ లేదు. కానీ ఒడిలో ఉన్న పెట్టకు జీరో టికెట్టు లేదు, 30 రూపాయల టికెట్టూ లేదు. కనిపిస్తే దించేస్తారు. అందుకే కొంగు కప్పుతుంది. కొంగు కింద దానికి ఊపిరి ఆడుతుందో లేదోనని మధ్య మధ్య వేలితో తడుముతుంది. పక్కన కూర్చున్నవాళ్లు చూసీ చూడనట్టు ఊరుకుంటారు.

బస్సులో మనుషుల మధ్య కోళ్లు తిరగాలని ఎవరూ అనరు. శుభ్రత ఉంది, రోగాల భయం ఉంది. 2024లో మేడారం జాతరకు వెళ్లే బస్సుల్లో కోళ్లనూ మేకలనూ తేవద్దని ఆర్టీసీ చెప్పడంలోనూ అర్థముంది. కానీ అంగడి రోజున, అంగడి ఊరికి వెళ్లే బస్సు వెనక, మూత ఉన్న రెండు గంపలకు చోటు చూపిస్తే ఏం పోతుంది? గంపకింత అని చార్జీ పెడితే ఆమె ఇవ్వదా? దాచుకోవాల్సిన అవసరం లేకపోతే ఊపిరాడని మూట ఉండదు, మరిచిపోయిన సంచీ ఉండదు. గుడ్డలో చుట్టుకుని కత్తికి తీసుకెళ్లేవాడొక్కడే వేరుగా కనిపిస్తాడు.

సుల్తానాబాద్‌ దగ్గర ఆ రోజు కండక్టర్‌ కొట్టిన టికెట్టు రూలు ప్రకారం తప్పే కావచ్చు. కానీ ఈ రెండు జిల్లాల్లో వారం వారం వేల చేతులు మారే పక్షుల్లో, తన ప్రయాణానికంటూ ఒక కాగితం దక్కింది మాత్రం బహుశా ఆ ఒక్క పుంజుకే!